ఆరుగురు ముసలమ్మలు, ఒక ఈల: కెల్టిక్ లక్కబొమ్మల పెట్టె కొనొచ్చా?

ధర 1,450 రూపాయలు. కొనొచ్చు. బొమ్మలు బాగున్నాయి, కథల ఎంపిక అంతకంటే బాగుంది. కానీ లోపలి పుస్తకంలో 11వ పేజీ తీసి, పెన్నుతో ఒక మాట కొట్టేశాకే పిల్లల చేతికివ్వండి. అదేం మాటో, ఎందుకు కొట్టేయాలో కింద ఉంది.

కెల్టిక్ భాషల నేలలైన వేల్స్, స్కాట్లండ్, ఐర్లండ్, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ జానపద కథల్లో తిరిగే ముసలమ్మలను ఏటికొప్పాక పద్ధతిలో లక్కబొమ్మలుగా చేసి, 48 పేజీల తెలుగు పుస్తకం జతచేసిన పెట్టె ఇది. విశాఖలో బీచ్ రోడ్డు వైపున్న ఒక చేతివృత్తుల దుకాణంలో దొరుకుతోంది. దసరా బొమ్మల కొలువు కోసం కొనేవాళ్లున్నారు, బడి లైబ్రరీలో కథలు చెప్పడానికి కొనేవాళ్లున్నారు. రెండో రకం వాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది. కొలువులో పెడితే ఇవి పక్కన చెట్టియార్ బొమ్మలంత కళగా కనిపించవు, కనిపించాలనీ లేదు.

పెట్టెలో ఆరు బొమ్మలు, ఒక్కోటి నాలుగు నుంచి ఐదు అంగుళాల ఎత్తు. విడి సామాను వేరే: చేతికర్ర, ఉన్ని గుడ్డ, కిటికీ చట్రం, తొట్టి, కాగు, ఎనిమిది చిన్న జంతువుల ముక్కలు, చేపల వల, ఒక కర్ర ఈల. ఏ ముక్క ఏ బొమ్మదో చెప్పే పటం మూత లోపలి వైపు అంటించారు. మూత పారేయకండి.

ముందు పనితనం గురించి. కర్ర అంకుడుదే. తేలిక, పోగు సన్నం, పగుళ్లు తక్కువ. లేత్ మీద తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నునుపు తేలుతుంది. చిక్కల్లా ఏమిటంటే, లేత్ మీద వచ్చేది గుండ్రటి రూపమే. రాజూ రాణీ అయితే సరిపోతుంది. ముసలమ్మకు గూని కావాలి. ఇక్కడ పనివాళ్లు చేసిన ఉపాయం మెచ్చుకోదగ్గది: ఒళ్లూ తలా విడివిడిగా తీసి, భుజం మీద బెజ్జం నిటారుగా కాకుండా ముందుకు వాలేట్టు తొలిచారు. తల మేకు అందులో దిగ్గానే మెడ వంగుతుంది, చూడగానే వయసు కనిపిస్తుంది.

ఆ వాలు బెజ్జమే ఈ పెట్టెకు బలహీనత కూడా. విశాఖ ఉప్పుగాలికి కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది. ఏసీ గదిలో పెడితే ఎండి ముడుచుకుంటుంది. నిలువు మేకైతే బరువుకు కూర్చునే ఉంటుంది. వాలు మేకు మాత్రం వదులవుతుంది, తల ఊడి దొర్లుతుంది. మళ్లీ లక్క కరిగించి అతికించబోకండి, పక్క రంగులు కూడా కరిగి కలిసిపోతాయి. మేకు చివర రెండు చుక్కల ఫెవికాల్ రాసి, బొమ్మను పడుకోబెట్టి ఒక రాత్రి వదిలేస్తే చాలు. నిలబెట్టి ఆరబెడితే తల బరువుకు వాలు ఎక్కువైపోయి, ముసలమ్మ నేలను వాసన చూస్తున్నట్టు తయారవుతుంది.

ఇక బొమ్మలు. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టింది స్కాట్లండ్ కల్యఖ్ మీద. నీలిమందు రంగు ముఖం, ఒకే కన్ను, తల మీద ముసుగు. ఆ ముసుగు అలంకారానికి పెట్టింది కాదు. స్కాట్లండ్ గేలిక్ భాషలో ఇప్పుడు కల్యఖ్ అంటే ముసలమ్మ. పాత ఐరిష్‌లో ఆ మాటకు ముసుగు కప్పుకున్నది అని అర్థం, సన్యాసినినీ అలాగే పిలిచేవారు. ముసుగుకు వాడిన మాట లాటిన్ పాలియం నుంచి వచ్చింది. తయారుచేసినవాళ్లకు ఈ సంగతి తెలుసని బొమ్మే చెబుతోంది. పుస్తకంలో మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు, రాయాల్సింది.

ఈమె చలికాలానికి యజమానురాలు. చేతికర్రతో నేలను కొడితే నేల గడ్డకడుతుంది. వసంతం వచ్చి తన బలం తగ్గినప్పుడు ఆ కర్రను పొద కిందికి విసిరేస్తుంది, అందుకే అక్కడ గడ్డి మొలవదంటారు. కర్ర పొడవు మూడు అంగుళాలు. చేతి బెజ్జంలో వదులుగా ఉంటుంది కాబట్టి మొదటి వారంలోనే సోఫా కిందికి పోయే వస్తువు. పోతే కంగారు పడకండి, కాలిపోయిన అగరుబత్తి పుల్ల అదే బెజ్జంలో సరిగ్గా దిగుతుంది.

ఉన్ని గుడ్డకు ఒకవైపు గళ్లు, రెండోవైపు తెలుపు. దీంతో చెప్పాల్సిన కథ కోరీవ్రెకన్ సుడిగుండానిది. స్కాట్లండ్ పడమటి తీరాన జూరా, స్కార్బా దీవుల మధ్య సముద్రం సుడి తిరుగుతుంది, దాని హోరు చాలా దూరం వినిపిస్తుంది. చలికాలం మొదట్లో కల్యఖ్ తన దుప్పటి ఆ సుడిలో ఉతుక్కుంటుందట. ఉతికి తీసేసరికి అది తెల్లగా మెరుస్తుంది. కొండల మీద పరుచుకునే మంచు ఆ దుప్పటే. చెప్పేటప్పుడు ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, గుడ్డను వేలితో తిప్పి, తెల్లవైపు పైకి వచ్చేట్టు తీసి దిండు మీద పరవండి. బొమ్మను మాత్రం నీళ్ల దగ్గరికి తేవద్దు. లంబసింగి పొద్దుటి మంచు తప్ప వేరే మంచు ఎరగని పిల్లలకు కూడా ఈ తెల్లగుడ్డతో విషయం అందుతుంది.

పుస్తకంలో రెండో కల్యఖ్ కథ ఇంకా మంచిది. బెన్ క్రూఅఖన్ కొండ మీద ఒక ఊటబావి ఆమె కాపలాలో ఉంటుంది. రోజూ పొద్దుగూకేసరికి దాని మీద రాతిపలక మూయాలి. ఒక సాయంత్రం అలిసి నిద్రపోయింది. తెల్లారేసరికి నీళ్లు లోయనంతా ముంచేశాయి. అదే ఇప్పటి ‘లాఖ్ ఆ’ అనే సరస్సు. ఆమె రాయైపోయింది. అదే కొండ కడుపులో 1965 నుంచి పంప్డ్ స్టోరేజి జలవిద్యుత్ కేంద్రం నడుస్తోంది. సీలేరు, మాచ్‌ఖండ్ చూసొచ్చిన పిల్లలుంటే ఈ మాట కూడా కలిపి చెప్పండి. నీటికి కాపలా అంటే ఏమిటో వాళ్లకు వేరే వివరించక్కర్లేదు.

గ్లెన్ లయన్ లోయ సంగతి పుస్తకంలో ఒకే పేరాలో తేల్చేశారు, అన్యాయం. పర్త్‌షైర్‌లోని ఆ లోయ పైభాగాన చిన్న రాతిగూడు ఉంది. అందులో నీటి ఒరిపిడికి నునుపెక్కిన రాళ్లే కల్యఖ్ కుటుంబం. మే మొదట్లో వాటిని బయట పెడతారు, అక్టోబరు ముగిసేసరికి మళ్లీ లోపల పెట్టి గూడు మూస్తారు. చలికాలపు అమ్మ చలికాలమంతా ఇంట్లో, ఎండాకాలమంతా గుమ్మంలో. పెట్టెలో నాలుగు గులకరాళ్లు వేసి ఉంటే పది రూపాయలు కూడా ఖర్చయ్యేది కాదు.

రెండో బొమ్మ ఐర్లండ్ బేరా ముసలమ్మ. రంగు లేదు, ఉత్త కర్ర. ముఖం ఒకవైపు ఉలి గాట్లు అలాగే వదిలేశారు. పెట్టె మొత్తంలో ఇదే గొప్ప బొమ్మ. పిల్లలకు నచ్చదు, పెద్దలు చేతిలోంచి వదలరు. కార్క్, కెరీ కౌంటీల మధ్య సముద్రంలోకి చొచ్చుకుపోయిన బేరా ద్వీపకల్పంలో నీళ్ల వైపు చూస్తూ ఒక రాయి ఉంది. అది ఆమే అంటారు. వచ్చినవాళ్లు నాణేలూ పూసలూ పెట్టిపోతారు. పసుపు రాసిన రాయికి అమ్మవారని మొక్కే ఊళ్లో ఈ బొమ్మకు పరిచయం అక్కర్లేదు. ఆమె పేరు మీద 900 ప్రాంతం నాటి ఒక పాత ఐరిష్ పద్యం ఉంది. ఒకప్పుడు రాజుల పక్కన కూర్చున్న స్త్రీ ముసలితనంలో, సముద్రం పోటుకు మళ్లీ నిండుతుంది గానీ తన ఆటుకు పోటు లేదని ఏడుస్తుంది. పుస్తకంలో దాని సారాంశం ఇచ్చిన నాలుగు వాక్యాలూ చక్కటి తెలుగు.

ఈ భాగంలోనే ఒక తప్పు దొర్లింది. ఒడిలో రాళ్లు మోసుకుపోతూ జారవిడిచి కొండల మీద సమాధి గుట్టలు చేసిందన్న లాఖ్‌క్రూ కథను వేల్స్‌లో పెట్టారు. లాఖ్‌క్రూ ఉన్నది ఐర్లండ్‌లో, మీత్ కౌంటీలో. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజు ఉదయపు ఎండ లోపలి చెక్కడాల మీద పడే గుట్ట అదే. వేల్స్‌లో ఇలాంటి పేరున్న చోటు ఆంగ్లసీ దీవి మీది బార్‌క్లోడియాడ్ ఎ గావ్రెస్, అంటే రాక్షసి ఒడినిండు. రెండూ పాత రాతి సమాధులే, రెంటికీ ఒడిలోంచి జారిన రాళ్ల కథే, అందుకే కలగలిసి ఉంటాయి. పెన్నుతో దిద్దుకోండి.

మూడోది, పెట్టె కొనడానికి అసలు కారణం, వేల్స్ గ్వ్రాఖ్ ఎ హ్రిబిన్. రాత్రి కిటికీ దగ్గరికి వచ్చి రెక్కలు టపటపలాడిస్తూ, చావు దగ్గరపడ్డవారి పేరు పిలుస్తుంది. లేదా మనిషి వెంట కనిపించకుండా నడిచి, వాగు దగ్గరికో నాలుగు దారుల కూడలికో వచ్చాక గుండెలు బాదుకుని ‘అయ్యో నా పెనిమిటీ’ అని అరుస్తుంది. చావు పిల్లవాడిదైతే ‘నా బిడ్డా’ అంటుంది. ఎవరైనా మరీ వికారంగా ఉంటే గ్వ్రాఖ్ ఎ హ్రిబిన్ అంత వికారం అని వేల్స్‌లో సామెత. ఒకటి గమనించాలి: ఆమె ఎవరినీ చంపదు. కబురు తెస్తుంది, ఏడుస్తుంది, పోతుంది. పుస్తకం ఈ తేడా పట్టుకుంది, అందుకు మార్కులు వేయాలి.

రెక్కలకు తోలుబొమ్మల మేకతోలు వాడారు. కిటికీ చట్రం వెనక సెల్‌ఫోన్ లైటు పెడితే తోలులోంచి వెలుగు ఎర్రగా దిగి, గోడ మీద నీడ రెక్కలు విప్పుతుంది. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పండి. ఫోను చట్రానికి ఒక జానెడు వెనక ఉండాలి. దగ్గరైతే నీడ చెదిరిపోతుంది, దూరమైతే కిటికీ నీడే మిగులుతుంది. తోలుతో వచ్చే ఇబ్బంది తేమే. వానాకాలంలో అంచులు చుట్టుకుంటాయి. ఇస్త్రీ పెట్టారో, కుంచించుకుపోయి ఇక సాగదు. రెక్కలు విడదీసి, పాత పేపర్ల మధ్య పెట్టి, బరువైన పుస్తకం కింద రాత్రంతా ఉంచితే సాపు అవుతాయి.

తప్పల్లా నెత్తి మీదుంది. మొనదేలిన నల్లటోపీ పెట్టారు. సినిమా మంత్రగత్తె టోపీ అది. వేల్స్ ఆడవాళ్లు 19వ శతాబ్దంలో ఎత్తైన నల్లటోపీ పెట్టుకున్న మాట నిజమే, ఇప్పటికీ వాళ్ల జాతీయ వేషంలో అది ఉంది. కానీ దాని పైభాగం చదునుగా ఉంటుంది, దానికీ మంత్రాలకూ సంబంధం లేదు. ఇక గ్వ్రాఖ్ ఎ హ్రిబిన్‌కైతే ఏ టోపీ లేదు, విరబోసిన జుట్టే. అదృష్టం కొద్దీ టోపీ చిన్న మేకు మీదే నిలబడింది. మెలితిప్పి లాగితే వచ్చేస్తుంది, కింద జనపనార జుట్టు ముందే అంటించి ఉంది. అంటే మొదట సరిగ్గానే చేసి, అమ్మకం కోసం ఎవరో టోపీ తగిలించారన్నమాట.

నాలుగో బొమ్మ స్కాట్లండ్ వాగు ఒడ్డున బట్టలుతికే బెన్ నీయె. ఒకే ముక్కుపుటం, ముందుకొచ్చిన ఒంటిపన్ను, బాతు కాళ్లు. కాన్పులో పోయిన ఆడమనిషి, తన ఆయువు తీరే రోజు దాకా, చావబోయేవాళ్ల నెత్తుటి బట్టలు ఉతుకుతూ ఉంటుందని కథ. ఆమెకూ నీళ్లకూ మధ్య అడ్డంగా నిలబడగలిగితే మూడు ప్రశ్నలకు జవాబు చెబుతుంది. తొట్టి బాగుంది, బాతు కాళ్లకు లేత్ చాలక చేత్తో చెక్కారు. ఇంట్లో బాలింత గానీ నెలలు నిండిన మనిషి గానీ ఉంటే ఈ కథను పక్కన పెట్టడం మర్యాద. పుస్తకం ఆ హెచ్చరిక ఇవ్వలేదు.

అయిదో బొమ్మ వేల్స్ కెరిద్వెన్. ఆమెను ఈ గుంపులో కలపడం మీద వాదన ఉంది. ఆమె ముసలిది కాదు, తల్లి, విద్యలు నేర్చిన స్త్రీ. అయినా కథ చెప్పడానికి ఇంతకంటే మంచిది ఇంకోటి దొరకదు కాబట్టి క్షమించేయొచ్చు. బాలా ఊరి దగ్గర తెగిద్ సరస్సు వద్ద ఉండే కెరిద్వెన్, కురూపి కొడుక్కి జ్ఞానమైనా రావాలని ఏడాది మీద ఒక రోజు కాగు కాస్తుంది. చివర మూడు చుక్కలు ఎగిరి, కాగు కలిపే కుర్రాడు గ్వియోన్ వేలి మీద పడతాయి. వేలు నోట్లో పెట్టుకున్నాడు, జ్ఞానం వాడికి వచ్చేసింది. మిగిలిందంతా విషం, కాగు పగిలింది. ఇక తరుముడు. వాడు కుందేలైతే ఆమె వేటకుక్క. వాడు చేపైతే ఆమె నీటికుక్క. పిట్టైతే డేగ. ఆఖరికి వాడు గోధుమగింజై కళ్లంలో దూరితే ఆమె నల్లకోడై మింగేసింది. తొమ్మిది నెలలకు వాడే ఆమె కడుపున పుట్టి తాలియేసిన్ అనే కవి అయ్యాడు. ఎనిమిది ముక్కలూ ఇందుకే.

గింజ ముక్క నిజం గింజంతే ఉంది. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పెట్టె తీయగానే దాన్ని తీసి దాచేయండి, నోట్లో వేసుకుంటారు. పైగా అది వడ్లగింజ ఆకారం. కథలో గోధుమ. వంటింట్లోంచి ఒక గోధుమగింజ తెస్తే రెండు సమస్యలూ తీరతాయి, పోతే ఇంకోటి తేవచ్చు. డేగనూ పిట్టనూ ఒకే పచ్చరంగులో ముంచారు, చీకట్లో తేడా తెలియదు. డేగ తోకకు దారం కట్టుకోండి.

ఆరో బొమ్మ, బ్రిటనీ గ్రోఆఖ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దీవి మీది సరస్సులో ఉంటూ, ఆశపడి వచ్చిన మగవాళ్లను వలతో చేపలుగా మార్చే ఆడది. వల నైలాన్‌ది, చిక్కుపడితే విప్పలేం. పేరు మాత్రం వేల్ష్ గ్వ్రాఖ్‌కు అక్కచెల్లెలే. ఆ సంగతి పుస్తకం సరిగ్గా చెప్పింది.

ఈల సంగతి వేరు. వేల్స్‌లో కహరైథ్ అనే మరో చావుకబురు ఉంది. దానికి ఒళ్లు లేదు, ఉత్త మూలుగు. టవీ నది పొడవునా వినిపిస్తుందంటారు. గ్లమోర్గన్ తీరాన ఓడ మునిగే ముందు సముద్రం మీంచి వస్తుందంటారు. ఒళ్లు లేనిదానికి బొమ్మ చేయకుండా ఈల ఇవ్వడం ఎవరి ఆలోచనో గానీ, ఈ పెట్టెలో అంత తెలివైన పని మరొకటి లేదు. కాకపోతే ఈల మోత తీర్థంలో కొన్న పీకలా హుషారుగా ఉంది. పక్క బెజ్జాన్ని వేలితో సగం మూసి, బుగ్గలు పూరించకుండా ఊపిరి వదిలినట్టు ఊదండి, మూలుగు వస్తుంది. మూడుసార్లు ఊదాలి, ప్రతిసారీ ముందుకంటే మెల్లగా. కథలో కహరైథ్ మూడు పిలుపులూ అలాగే సన్నగిల్లుతాయి. మూడోసారికి గది నిశ్శబ్దంగా లేకపోతే ఎవరికీ వినపడదు, కాబట్టి ఫ్యాను ఆపండి.

ఇక 11వ పేజీ. అక్కడ గ్వ్రాఖ్ అనే వేల్ష్ మాటకు ‘చిల్లంగి పెట్టే ఆడది’ అని అర్థం రాశారు. ఉత్తరాంధ్రలో ఈ మాట రాయడం బాధ్యత లేని పని. చిల్లంగి అనుమానంతో మనిషిని కొట్టి చంపిన వార్తలు మన ఏజెన్సీ గ్రామాల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అనుమానం పడేది తరచూ ఒంటరి ముసలివాళ్ల మీద, నాటువైద్యం తెలిసినవాళ్ల మీద. వంగిన మెడా ఊడిన పళ్లూ ఉన్న బొమ్మ చేతికిచ్చి దాన్ని చిల్లంగి అని పిలిపిస్తే పిల్లవాడు నేర్చుకునేదేమిటో వేరే చెప్పాలా?

అర్థం కూడా అది కాదు. వేల్ష్‌లో వీళ్లకు వేర్వేరు మాటలున్నాయి. గ్వ్రాఖ్ అంటే వికారపు ముసలమ్మ. కథల్లో చావుకబురు తెచ్చేదీ ఆమే, పల్లెల్లో కోతల చివర పొలంలో మిగిలే ఆఖరి పనకు పెట్టిన పేర్లలోనూ ఆమె ఉంది. చెడు చేసే మంత్రగత్తెను హ్రైబెస్ అంటారు. జబ్బులకూ పశువులకూ మంత్రం వేసి నయం చేసే ఆడమనిషి స్వీన్‌వ్రైగ్. పోయిన వస్తువు చూపించే, దిష్టి తీసే మగవాడు దీన్ హస్‌బిస్. మధ్యయుగపు కథల్లో గ్విడొనోద్ అని ఇంకో జాతి ఉంది: పెరెదిర్ అనే వీరుడికి మూడు వారాలు గుర్రపుస్వారీ, ఆయుధాలు నేర్పిన కయిర్ లోయు తొమ్మండుగురు వాళ్లే. ఈ అయిదింటినీ ఒక్క తెలుగు మాటలో కుక్కితే పుస్తకంలో మిగతా 47 పేజీలు వృథా. గ్వ్రాఖ్‌కు ముసలమ్మ చాలు. హ్రైబెస్‌కు మంత్రగత్తె. స్వీన్‌వ్రైగ్‌కు మంత్రం వేసే అమ్మ అనొచ్చు.

కథ ముసలమ్మ ఒకరు, జనం అనుమానించిన నిజం ఆడమనిషి ఇంకొకరు. ఈ ఇద్దరినీ కలిపేస్తే ఏమవుతుందో వేల్స్‌కు కూడా తెలుసు. 1594లో డెన్‌బిలో గ్వెన్ వెర్ఖ్ ఎలిస్ అనే ఆమెను ఉరితీశారు. మంత్రగత్తె అని వేల్స్‌లో ఉరిశిక్ష పడ్డ మొదటి మనిషి ఆమె. రోగులకూ పశువులకూ మంత్రం వేసి మందు ఇచ్చేది. ఒక దొర ఇంట్లో వెనక నుంచి ముందుకు రాసిన మంత్రం కాగితం దొరకడంతో కథ మొదలైంది. వేల్స్‌లో ఇలాంటి ఉరిశిక్షలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అదే స్కాట్లండ్‌లో ఆరోపణ ఎదుర్కొన్నవాళ్లు 3,800 మందికి పైనే. నీలిముఖం కల్యఖ్‌ను చలికాలానికి తల్లిగా చెప్పుకున్న దేశంలోనే! పుస్తకంలో గ్వెన్ పేరు లేదు. పదేళ్లు దాటిన పిల్లలకైతే గ్వ్రాఖ్ ఎ హ్రిబిన్ కథ ముగిశాక, బొమ్మలన్నీ పెట్టెలో సర్దేసి, గ్వెన్ సంగతి బొమ్మ లేకుండా చెప్పండి.

పేర్ల ఉచ్చారణకు ఇచ్చిన పట్టికలో ఉన్నవి సగమే సరైనవి. సెరిడ్వెన్ అని అచ్చువేశారు, వేల్ష్‌లో మొదటి C అక్షరం ఎప్పుడూ కకారమే. గ్వ్రాఖ్‌ను గువరాచ్ అని మూడు ముక్కలు చేశారు. అది ఒకే ఊపులో పలికే మాట. చివరి ఖకారం తెలుగు ఖ కాదు, ఉర్దూ ఖబర్‌లో గొంతు గీరుకుంటూ వచ్చేది. జగదాంబ సెంటర్ దాకా వెళ్తే ఆ ధ్వని సరిగ్గా పలికేవాళ్లు బోలెడుమంది. ‘ఆ ముసలమ్మ’ అనాల్సొచ్చినప్పుడు ముందున్న గకారం ఎగిరిపోయి ఎ వ్రాఖ్ అవుతుంది. ఇది అచ్చుతప్పు కాదు, వేల్ష్ వ్యాకరణం. మన సరళాదేశం తెలిసినవాళ్లు దీనికి ఆశ్చర్యపోరు.

జాగ్రత్తలు. లక్క స్పిరిటులో కరుగుతుంది, కాబట్టి శానిటైజరు రాసుకున్న చేతులతో బొమ్మలు ముట్టుకోకండి, దానితో తుడవడం అసలే వద్దు. మెరుపు పోయి జిగురు తేలుతుంది. తడిగుడ్డ పెడితే తెల్లటి పొర కడుతుంది. పొడి నూలుగుడ్డ చాలు. మే నెలలో మూసిన కారులో పెట్టె వదిలేస్తే లక్క మెత్తబడి బొమ్మలు ఒకదానికొకటి అంటుకుంటాయి, విడదీస్తే రంగు పెచ్చులు లేస్తుంది. బీచ్‌లో కథ చెప్పాలనుకునేవాళ్లు పీఠాల వెడల్పు ఒకటిన్నర అంగుళమేనని గుర్తుంచుకోండి, గాలికి నిలబడవు. ఇసుకలో అంగుళం పాతితే నిలుస్తాయి గానీ ఇసుక లక్కను గీరుతుంది. చెక్కపలకకు బెజ్జాలు వేయించి తీసుకెళ్లడమే మేలు.

ఏ వరసలో చెప్పాలో పుస్తకం చెప్పదు. నవంబరులో మొదలుపెడితే కల్యఖ్ దుప్పటి కథ, డిసెంబరు చీకట్లో కిటికీ కథా ఈలా, ఫిబ్రవరి ఒకటిన మళ్లీ కల్యఖ్. ఆ రోజు ఎండ బాగా కాస్తే ఆమె కట్టెలు ఏరుకోవడానికి బయల్దేరిందనీ, చలి ఇంకా చాలా రోజులుంటుందనీ ఐర్లండ్‌లో నమ్మకం. మేలో కర్ర పొద కిందికి విసిరేయడం. కెరిద్వెన్ కథకు కాలం లేదు, కరెంటు పోయిన రోజు చెప్పండి.

దుకాణం వాళ్లు మర్యాదస్తులు. పెట్టె అక్కడే విప్పి ముక్కలు లెక్కపెట్టుకోనిస్తారు, లెక్కపెట్టుకోండి. జంతువుల ముక్కల్లో నీటికుక్క లేని పెట్టెలు ఉంటున్నాయి. ఇంటికెళ్లాక ఫోన్ చేస్తే అప్పటికప్పుడు ఒప్పుకోరు. యూపీఐ తీసుకుంటారు, బిల్లు అడిగితేనే ఇస్తారు. విడి తల 90 రూపాయలు, విడి రెక్కల జత 160. తల అడిగేటప్పుడు ఏ బొమ్మకో చెప్పి, పాత మేకు కూడా పట్టుకెళ్లండి. నిలువు మేకు తల ఇచ్చి పంపిస్తే ముసలమ్మ గూని పోయి నిటారుగా నిలబడుతుంది.